శిక్ష తీరిన తరువాత

చంచల్‌గూడ జైలు ఊరికి దూరాన లేదు. 1876లో కట్టినప్పుడు చుట్టూ ఏముండేదో గాని, ఇవాళ అది పాతబస్తీ ఇళ్ళ మధ్య, దుకాణాల మధ్య ఉన్నది. ఇటు మలక్‌పేట, అటు సైదాబాదు, వెనక యాకుత్‌పురా. పొద్దున్నే బడిపిల్లలను ఎక్కించుకున్న ఆటోలు ఆ గోడవారగానే పోతాయి. జైలువారి పెట్రోలు బంకులో ఖైదీలూ, విడుదలైనవారూ పనిచేస్తుంటారు. స్కూటరు ఆపి, పెట్రోలు పోయించుకొని, డబ్బిచ్చి, మన దారిన మనం పోతాము.

ఆ గోడను చూడగానే మనకు లోపలికి పోయినవారు గుర్తుకొస్తారు. బయటికి వచ్చేవారు ఎందుకో గుర్తుకురారు. నేరం జరిగిన రోజున పత్రికలలో పెద్ద అక్షరాలు. తీర్పు వచ్చిన రోజున చిన్న అక్షరాలు. శిక్ష తీరి మనిషి ఇంటికి వచ్చిన రోజున ఒక్క అక్షరమూ ఉండదు. దొంగతనం చేసినవాడి సంగతి అలా ఉంచండి. ఆడపిల్లల మీద, పసివాళ్ళ మీద లైంగిక నేరం చేసి శిక్షపడ్డ మనిషి విడుదలైతే ఎక్కడికి వస్తాడు? చాలాసార్లు వెనకటి గల్లీకే వస్తాడు. ఆ గల్లీలో ఎవరుంటారు? ఆ పిల్ల ఉంటుంది.

ఆ రోజుకు మనం ఏం సిద్ధం చేసుకున్నాము? ఇబ్బందికరమైన ప్రశ్నే. నలుగురిలో అడగడానికి సంకోచించే ప్రశ్న కూడాను. కాని అడగకుండా ఉన్నంతమాత్రాన ఆ రోజు రాకుండా ఉండదు.

ఆవేశం చల్లారిన తరువాత

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం మనం మరువలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులు నలుగురూ చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. తరువాత సుప్రీంకోర్టు సిర్పూర్కర్ కమిషన్‌ను వేసింది. ఆ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లనీ కమిషన్ చెప్పింది. పూలు చల్లినవారిలో ఎందరు ఆ నివేదిక చదివి ఉంటారు?

2021 సెప్టెంబరులో సైదాబాదు సింగరేణి కాలనీలో ఆరేళ్ళ పాప బలి అయింది. చంచల్‌గూడకు అది ఎంతో దూరం కాదు. వారం తిరిగేసరికి నిందితుడి శవం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద దొరికింది. పీడ విరగడైందనుకున్నాము.

ఇలాంటి వార్తలు విని విని, లైంగిక నేరం చేసినవాడి కథ ఉరితోనో, తూటాతోనో, రైలు పట్టాతోనో ముగుస్తుందని మన మనసుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. లెక్కలు మరొక సంగతి చెబుతున్నాయి. 2022లో దేశం మొత్తంమీద విచారణ ముగిసిన అత్యాచారం కేసులలో శిక్షపడినవి నూటికి సుమారు 27. తక్కిన నిందితులు ఎలాగూ ఇళ్ళకు పోయారు. శిక్షపడినవారిలోనూ అందరిదీ యావజ్జీవం కాదు. 2018 సవరణ తరువాత అత్యాచారానికి కనీస శిక్ష 10 ఏళ్ళు. బాధితురాలు పదహారేళ్ళలోపు పిల్ల అయితే 20 ఏళ్ళు. వెంటబడి వేధించడం, అసభ్యంగా తాకడం వంటివాటికి ఇంకా తక్కువ. పాతికేళ్ళ వయసులో లోపలికి పోయినవాడు ముప్ఫైఅయిదుకో, నలభైఅయిదుకో బయటికి వస్తాడు. కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉంటాయి. ఆ తరువాత మనమధ్యనే ఇంకో ముప్ఫై ఏళ్ళు బతుకుతాడు.

ఆ ముప్ఫై ఏళ్ళ గురించి మనకు ఏ ఆలోచనా లేదు.

ఒకసారి మా తరగతిలో ఈ ప్రసంగం వచ్చింది. ప్రబంధాలు చెప్పవలసిన గంట ఇలాంటి చర్చతో గడిచిపోవడం తెలుగు లెక్చరర్లకు కొత్తకాదు. నేరం చేసినవారికి చికిత్స చేసే పద్ధతులు ఉన్నాయని నేను అన్నాను. వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి లేచింది.

“సార్, వాణ్ణి బాగుచేసే సంగతి అందరూ మాట్లాడుతరు. ఆ పిల్ల సంగతి ఎవరు మాట్లాడుతరు?”

తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయం ఉన్నది. ఈ విషయంపై ఎవరు నోరు విప్పినా మొదట ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి. నాకు తోచిన జవాబు ఇది: వాడికి చికిత్స చేయించేది వాడిమీద దయతో కాదు. వాడి మీద నిఘా పెట్టేది కసితోనూ కాదు. రెండూ ఆ పిల్లకోసమే. ఇంకా నేరం జరగని మరొక పిల్లకోసమే.

మాటలలోనే ఉన్నది

వృత్తిరీత్యా మాటలు పట్టిచూడటం నాకు అలవాటు. “మానభంగం” అంటాము. ఎవరి మానం భంగమైనట్లు? బాధితురాలిది! చేసినవాడి ఊసే ఆ మాటలో లేదు. సిగ్గంతా ఆమె నెత్తిన పెట్టి, వాణ్ణి వాక్యంలోనుంచే తప్పించివేసిన మాట అది. ఇప్పుడిప్పుడు పత్రికలు “లైంగిక దాడి” అని రాస్తున్నాయి. మంచిదే. దాడి అన్నప్పుడు చేసినవాడెవడని అడగబుద్ధి అవుతుంది.

“శిక్ష” అనే మాట ఇంకా విచిత్రమైనది. సంస్కృతంలో దానికి నేర్పడమని అర్థం. ఆరు వేదాంగాలలో శిక్ష ఒకటి. ఉచ్చారణ నేర్పే శాస్త్రమది. హిందీవారు నేటికీ చదువును శిక్షా అంటారు. మన భాషలో మాత్రం ఆ మాట దండనకు స్థిరపడిపోయి, నేర్పడానికి “శిక్షణ” అనే మరొక మాట మిగిలింది. మన జైళ్ళలో జరిగిందీ ఇంచుమించు అదే. శిక్ష ఉన్నది, శిక్షణ ఎక్కడో పక్కకు జరిగింది.

వాడు ఎవడు?

నేరం చేసేవాడు చీకటిలో పొంచి ఉండే ఎవడో పరాయివాడని మన ఊహ. జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్పే మాట వేరు. నమోదైన అత్యాచారం కేసులు పదింటిలో తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. చుట్టమో, పొరుగువాడో, పని ఇచ్చినవాడో, పెళ్ళిచేసుకుంటానని నమ్మించినవాడో. అందుచేత అతడు విడుదలై వచ్చేది కూడా తెలిసిన ఇంటికే, తెలిసిన వాడకే.

రెండవ ఊహ: ఒకసారి చేసినవాడు తప్పక మళ్ళీ చేస్తాడని. కెనడా పరిశోధకులు హాన్సన్, మోర్టన్-బూర్గాన్ 2005లో 82 అధ్యయనాలను, 29 వేలమందికి పైగా నేరస్థుల వివరాలను కలిపి లెక్కగట్టారు. అయిదారేళ్ళలో మళ్ళీ లైంగిక నేరానికి పట్టుబడినవారు నూటికి 13.7. పట్టుబడనివారు ఉంటారు కాబట్టి అసలు సంఖ్య కొంత ఎక్కువే కావచ్చు. అయినా అందరూ మళ్ళీ చేస్తారన్నది నిజం కాదు. ఎవరూ చేయరన్నదీ నిజం కాదు. నూరుమందిలో ఆ పది పదిహేనుమంది ఎవరో ముందుగా గుర్తించి, వారిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టడమే ఈ శాస్త్రం సారాంశం.

పైగా వీరందరూ ఒక అచ్చులో పోసినవారు కారు. పోక్సో చట్టం 2012లో వచ్చింది. దానికింద జైలులో ఉన్నవారిలో పదిహేడేళ్ళ పిల్లతో ఊరు విడిచిపోయిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడూ ఉంటాడు. పక్కింటి పాపకు చాక్లెట్టు ఆశపెట్టిన నడివయసువాడూ ఉంటాడు. తాగినప్పుడు ఒళ్ళు తెలియనివాడొకడు, తాగకుండానే పథకం వేసేవాడొకడు. అందరికీ ఒకే మందు పోస్తే ఎవరికీ పనిచేయదు.

చట్టం చేతిలో ఏమున్నది?

చట్టాల గురించి అడుగుదామని, ఉద్యోగం విరమించిన ఒక ప్రొబేషన్ అధికారిని కలుసుకున్నాను. పేరు వద్దన్నారు. చాయ్ తాగుతూ ఆయన అన్నారు:

“ప్రొబేషన్ అంటే వదిలెయ్యడం కాదు లెక్చరర్ గారూ. చెయ్యి పట్టుకొని నడిపించడం. నా దగ్గరికి నెలనెలా వచ్చి సంతకం పెట్టి పోయేవాళ్ళు. సంతకం ఎవడైనా పెడతాడు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వాడు ఎక్కడుంటున్నాడు, ఎవరితో ఉంటున్నాడు—అది తెలిసిననాడే నేను పనిచేసినట్టు.”

మన దేశంలో ప్రొబేషన్ చట్టం 1958లో వచ్చింది. జైలుకు పంపకుండా, మంచి నడవడికకు ముచల్కా రాయించుకొని, అధికారి కనిపెట్టి ఉండే షరతుతో మనిషిని విడిచిపెట్టవచ్చు. అయితే యావజ్జీవం విధించదగిన నేరాలకు ఇది వర్తించదు. అత్యాచారం అలాంటి నేరమే. వర్తించకపోవడం సబబే గాని, దాని పర్యవసానం ఏమయిందో గమనించండి. చిన్న తప్పు చేసినవాడికి ఒక అధికారి కాపలా ఉండవచ్చు. ఘోరం చేసి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పూర్తిగా అనుభవించి వచ్చినవాణ్ణి గేటు దాటిన తరువాత చూసుకునే బాధ్యత ఎవరికీ లేదు. శిక్ష తీరింది, లెక్క తీరింది, అంతే!

క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 356వ సెక్షన్ ఉండేది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 394వ సెక్షన్. తీవ్రమైన నేరానికి రెండవసారి శిక్షపడినవాడు, విడుదలైన తరువాత అయిదేళ్ళ వరకు తన చిరునామా తెలియజేస్తూ ఉండాలని కోర్టు ఆజ్ఞాపించవచ్చు. అదీ రెండవసారి పడినవాడికే. అంటే ఆ సెక్షను కళ్ళు తెరిచేలోగా రెండవ బాధితురాలు తయారై ఉండాలన్నమాట.

ఇక తెలంగాణలో ముందస్తు నిర్బంధ చట్టం ఉన్నది. జనం పీడీ యాక్టు అంటారు. 1986 నాటి ఆ చట్టంలో సారా వ్యాపారులు, గూండాలు మొదలైనవారి సరసన 2018 సవరణతో లైంగిక నేరస్థులను కూడా చేర్చారు. విచారణ లేకుండా 12 నెలల దాకా లోపల ఉంచవచ్చు. ఈ చట్టాన్ని మన పోలీసులు వాడుతున్న తీరును సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో గట్టిగా తప్పుపట్టింది. ఆ సంగతి అలా ఉంచి, పన్నెండు నెలల తరువాత ఏమిటి? పదమూడవ నెల వస్తుంది కదా! లోపల పన్నెండు నెలలు ఏమీ నేర్పకపోతే, వెళ్ళినవాడే తిరిగి వస్తాడు.

2018 సెప్టెంబరు 20న కేంద్రం లైంగిక నేరస్థుల జాతీయ చిట్టా ప్రారంభించింది. ఆనాటికే అందులో 4 లక్షల 40 వేలకు పైగా నమోదులు. పోలీసులు చూసుకోవడానికే గాని ప్రజలకు చూపరు. “గోడలమీద అంటించకూడదా?” అని అడిగేవారున్నారు. అమెరికాలో 1996 నుంచి ఆ పని చేసి చూశారు. న్యూజెర్సీ రాష్ట్రం మీద 2008లో వచ్చిన అధ్యయనం, ఆ ప్రకటనల వల్ల తిరిగి నేరాలు తగ్గిన జాడ లేదని తేల్చింది. ఫ్లోరిడాలో బడులకూ పార్కులకూ దగ్గరగా కాపురం ఉండరాదని హద్దులు గీస్తే, మయామీ నగరంలో డజన్లకొద్దీ మనుషులు సముద్రపు పాయమీది వంతెనకింద గుడారాలు వేసుకొని బతికారు. ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, పలకరించే దిక్కు లేదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేని మనిషి కంటె ప్రమాదకరమైన మనిషి ఉంటాడా? పైగా నేరస్థుడు తండ్రో, బాబాయో అయినచోట వాడి పేరు గోడమీద రాస్తే, పిల్ల పేరు కూడా రాసినట్లే.

చికిత్స అంటే ఏమిటి?

చికిత్స అనగానే చాలామంది మనసు ఒక మందుమీదికో, కత్తిమీదికో పోతుంది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత జస్టిస్ వర్మ కమిటీ ముందు ఈ సూచన వచ్చింది. మందులతో పుంసత్వం తగ్గించడాన్ని 2013 జనవరిలో ఆ కమిటీ తిరస్కరించింది. అది మానవ హక్కులకు విరుద్ధమనీ, నేరానికి వేళ్ళు సమాజంలో ఉంటే శరీరానికి మందు వేసి లాభం లేదనీ కమిటీ అభిప్రాయం. కొద్దిమందికి, పసిపిల్లలపైనే కోరిక కలిగే వ్యాధి ఉన్నవారికి, మానసిక వైద్యుని పర్యవేక్షణలో, వారి అంగీకారంతో మందులు ఉపయోగపడవచ్చు. తక్కినవారికి చికిత్స అంటే మాటలతో చేసేది.

అది సానుభూతి కబుర్లు కాదు. ఎనిమిది పదిమందిని కూర్చోబెట్టి, శిక్షణ పొందిన మనస్తత్వవేత్త నెలల తరబడి నడిపే కఠినమైన పని. “దయ్యం పట్టింది”, “తాగి ఉన్నాను”, “ఆమెకే ఇష్టం”—ఈ సాకులన్నీ ఒక్కొక్కటే బయటికి లాగుతారు. నేరానికి ముందు వారం ఏం చేశావు? ముందు రోజు? ముందు గంట? ఏ మెట్టు దగ్గర ఆగి ఉండగలిగేవాడివి? ఇలా దిగుడుబావి మెట్లు లెక్కపెట్టినట్లు లెక్క పెట్టిస్తారు. కోపం, ఒంటరితనం, తాగుడు, సెల్‌ఫోనులో చూసే బూతుబొమ్మలు—ఏది తనను ఆ బావిలోకి దింపుతుందో వాడిచేతనే చెప్పిస్తారు.

ఇది ఎక్కడ చేసినా పనిచేస్తుందని కాదు. ఇంగ్లండులో 1990ల మొదటి నుంచి జైళ్ళలో ఇలాంటి పెద్ద పథకం నడిచింది. 2017లో లెక్క చూస్తే, పథకంలో పాల్గొన్నవారిలో మళ్ళీ లైంగిక నేరం చేసినవారు నూటికి 10, పాల్గొననివారిలో 8! సిగ్గుపడకుండా ఆ పథకాన్ని ఎత్తివేసి, వేరేవి పెట్టారు. అక్కడినుంచి నేర్చుకోవలసినది రెండు. మంచి ఉద్దేశం చాలదు, ఫలితం కొలిచి చూడాలి. గోడల లోపల నేర్చినది గోడల బయట సాధన చేయించే మనిషి లేకపోతే నిలవదు.

మన తెలంగాణ జైళ్ళలోనూ ప్రయత్నం జరగకపోలేదు. ఉస్మానియాలో మనస్తత్వశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ బీనా చింతలపూరి రూపొందించిన “ఉన్నతి” కార్యక్రమం ఖైదీల ఆలోచనా ధోరణిని మార్చే ఉద్దేశంతో నడిచింది. అయితే అది అన్నిరకాల ఖైదీల కోసం ఉద్దేశించినది. బయట చూస్తే, 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీములు, ఆడపిల్లలను వేధిస్తూ పట్టుబడ్డవారికి కౌన్సెలింగు ఇప్పిస్తున్నాయి. కొడుకు చేసిన పని తల్లి ఎదుట చెప్పించడం మన సంసారాలలో చిన్న సంగతి కాదు. అది తొలి మెట్టు. పెద్ద నేరాలకు పై మెట్లు ఇంకా కట్టవలసి ఉన్నది.

అయిదుగురి కాపలా

1994లో కెనడాలోని హామిల్టన్ పట్టణంలో మన పరిస్థితే ఎదురైంది. పిల్లలపై పలుమార్లు నేరాలు చేసిన ఒకడు పూర్తి శిక్ష అనుభవించి బయటికి వచ్చాడు. పూర్తి శిక్ష కాబట్టి ప్రభుత్వానికి అతనిమీద పట్టు లేదు. ఊరంతా భగ్గుమన్నది. అప్పుడు హ్యారీ నై అనే పాదిరి తన సంఘంలో కొందరిని కూడగట్టి ఒక ఏర్పాటు చేశాడు. రోజూ ఎవరో ఒకరు అతణ్ణి కలవాలి. కూరగాయలకు పోయినా, డాక్టరు దగ్గరికి పోయినా తోడుండాలి. ఇరుగుపొరుగుతో, పోలీసులతో మాట్లాడుతూ ఉండాలి. ఏ మాత్రం తేడా కనిపించినా దాచకుండా చెప్పాలి. అతడు చనిపోయేదాకా మళ్ళీ ఆ నేరం చేయలేదు.

దానికి “తోడు, జవాబుదారీ వలయాలు” అని పేరు. ఒక మనిషి చుట్టూ నలుగురైదుగురు స్వచ్ఛంద సేవకులు. వారి వెనక ఒక మనస్తత్వవేత్త, ఒక పోలీసు అధికారి. ఇంగ్లండు 2002లో అందుకున్నది. కెనడాలో 2005లో పోల్చిచూస్తే, వలయంలో ఉన్నవారిలో మళ్ళీ లైంగిక నేరం 70 శాతం తక్కువ. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం చీటీలు తీసినట్లు మనుషులను రెండు జట్లుగా విడదీసి పరీక్షించింది. 2018 నాటి ఫలితం కూడా అటే మొగ్గింది. ఆ పరీక్షలో ఉన్నది మొత్తం వందమందే కాబట్టి జబ్బలు చరుచుకోనక్కరలేదు. కాని తీసిపారేయనూ కూడదు.

పాతబస్తీలో ఇది సాగుతుందా? మన గల్లీలో కొత్త మనిషి కాలుపెడితే పది కిటికీలు తెరుచుకుంటాయి. ఎవరింట్లో ఏ కూర వండారో పక్కింటికి తెలుస్తుంది. మరొకరి మీద కన్ను వేసి ఉంచడం మనకు ఒకరు నేర్పాలా? లేనిదల్లా ఆ కన్నుకు ఒక పద్ధతి. మన బస్తీ పెద్దలకు బాగా వచ్చిన పద్ధతి ఒకటున్నది, రాజీ! డబ్బు ఇప్పించడం, కేసు తీయించడం, మరీ ఘోరంగా ఆ పిల్లనే వాడికి కట్టబెట్టడం. అత్యాచారంలో రాజీ లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. 2021 మార్చిలో మరొక కేసులో, బాధితురాలి చేత నిందితుడికి రాఖీ కట్టించాలన్న బెయిలు షరతును కొట్టివేసింది. కాపలా ఉండటం వేరు, కలిపివేయడం వేరు. వలయంలో కూర్చునే పెద్దమనిషికి మొదటి పాఠం ఇదే కావాలి.

మా పేటలో ఒక తల్లి ఉన్నది. ఆమె బిడ్డకు అన్యాయం చేసినవాడు శిక్ష అనుభవిస్తున్నాడు. వాడి ఇల్లు నాలుగు గుమ్మాల అవతల. ఆమె నన్ను అడిగింది:

“సార్, గాయన బయటికొచ్చే దినం మాకెవరు చెప్తరు? పొద్దుగాల తలుపు తీస్తె ఎదురుంగ నిలవడ్డడనుకో, నా బిడ్డ ఏం గావాలె?”

“చెప్పాలమ్మా. పోలీసులే చెప్పాలి. రూలున్నది” అన్నాను.

“రూలున్నట్టు మాకెవరు చెప్తరు సార్?”

2020 నాటి పోక్సో నియమాలలో ఆ మాట స్పష్టంగా ఉన్నది. నిందితుడు బెయిలు మీద ఉన్నాడా, విడుదలైనాడా, నిర్బంధంలోనే ఉన్నాడా అన్న సమాచారం పిల్లకూ పెద్దలకూ పోలీసులు తెలియజేయాలి. పిల్లకు తోడుగా ఒక సహాయకుణ్ణి శిశు సంక్షేమ కమిటీ నియమించవచ్చు. నియమం కాగితం మీద ఉన్నది. ఆ తల్లి గుమ్మందాకా రావలసి ఉన్నది.

చేయదగిన పనులు

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. విడుదలకు ఒక ఏడాది ముందే చికిత్స మొదలుపెట్టి, బయటికి వచ్చిన తరువాత కూడా సాగించాలి. ఏ మనిషి ఎంత ప్రమాదకరమో నిపుణుల చేత అంచనా వేయించి, దానినిబట్టి నిఘా పెంచాలి, తగ్గించాలి. తీర్పు చెప్పేటప్పుడే విడుదలానంతర పర్యవేక్షణకు కాలపరిమితి విధించే అధికారం కోర్టుకు ఉండాలి. రెండవ నేరందాకా వేచి ఉండనక్కరలేదు. ప్రొబేషన్ అధికారి రిజిస్టరులో సంతకం చూసేవాడుగా కాక, మనిషిని చూసేవాడుగా ఉండటానికి తగినంత సిబ్బంది కావాలి. వాడు ఆ పిల్ల ఉన్న గల్లీకి రాకుండా, వేరొకచోట నీడ, కూలి దొరికే ఏర్పాటు కావాలి. వాడికి పని దొరకడం మనకు రుచించకపోవచ్చు. కాని పొద్దుటినుంచి సాయంత్రందాకా బంకులో పెట్రోలు పోసే మనిషి ఎక్కడున్నాడో అందరికీ తెలుస్తుంది. పని లేనివాడు ఎక్కడ తిరుగుతున్నాడో ఎవరికీ తెలియదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నిఘా అనేది పదునైన కత్తి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద, పుట్టుకనుబట్టి కులాలకు కులాలనే పోలీసు హాజరులో నిలబెట్టిన చరిత్ర మనది. అది రద్దయినది 1952లో. బీదవాడికీ, పాతబస్తీ చిరునామా ఉన్నవాడికీ మాత్రమే నిఘా, మోటారుకారు ఉన్నవాడికి మినహాయింపు అయితే, అది రక్షణ అనిపించుకోదు. ఎవరిమీద, ఎంతకాలం, ఎందుకు అన్నది కోర్టు నిర్ణయించాలి, వీధి నిర్ణయించరాదు.

ఇక నేరమే జరగకముందు చేయదగినది. జర్మనీలో బెర్లిన్ షారిటే ఆసుపత్రివారు 2005లో ఒక పథకం పెట్టారు. పిల్లలపై కోరిక కలుగుతున్నదని తనకు తానే భయపడేవాడు, తప్పు చేయకముందే రహస్యంగా వచ్చి చికిత్స పొందవచ్చు. మనకు 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ ఉన్నది. 14416కు ఫోను చేస్తే మానసిక వైద్య సలహా ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లలకు ఆపద అయితే 1098, స్త్రీలకు 181, అత్యవసరానికి 112. ఈ నాలుగు అంకెలూ వంటింటి గోడమీద, పాలవాడి లెక్క పక్కన రాసిపెట్టుకోవడం మేలు.

మా తరగతిలోని అమ్మాయికి నేను చెప్పదలచిన జవాబు ఇంకొకటి మిగిలింది. నేరం చేసినవాడిని మరిచిపోవడం బాధితురాలికి న్యాయం చేయడం కాదు. వాణ్ణి మనం మరిచిపోవచ్చు, ఆమె మరవలేదు. వాడు ఏ వీధిలో ఉన్నాడో, ఏం చేస్తున్నాడో, ఎవరు చూస్తున్నారో అన్న బరువు ఇవాళ ఆ పిల్ల ఒక్కతే మోస్తున్నది. గుమ్మంలోకి రావడానికి, బడికి పోవడానికి, దుకాణానికి పోవడానికి ప్రతిసారీ అటూ ఇటూ చూసుకొనేది ఆమే. ఆ బరువు ఆమె మీదినుంచి తీసి కోర్టు, జైలు, వైద్యుడు, ప్రొబేషన్ అధికారి, వాడలోని అయిదుగురు పెద్దలు తలా ఇంత పంచుకోవాలి. కాపలా మనం కాస్తే, ఆ పిల్ల నిశ్చింతగా ఆడుకుంటుంది.